డెబ్బదుల తెలుగు చిత్రములు – వాచికాభినయ విచారము

తెలుగు చలనచిత్రమును గూర్చిన చర్చలలో 1970 మొదలు 1980 వరకు గల దశాబ్దమునకు న్యాయము జరుగలేదని చెప్పవలసియున్నది. పెద్దలు ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రములను తలచుకొని, ఆ పిదప వచ్చినదంతయు క్షీణదశయే యందురు. యువకులు నేటి చిత్రములందలి మితాభినయమునకు అలవడిన కన్నులతో చూచి, డెబ్బదుల నటులు అవసరమునకు మించి బిగ్గరగా మాటలాడుదురనియు, అవసరమునకు మించి ఏడ్తురనియు నవ్వుదురు. ఈ ఇరువురి నడుమ ఆ దశాబ్దపు ఉత్తమ నటనము మరుగున పడినది. ఆ నటనమును ఎట్లు చూడవలెను, దేనిని మెచ్చవలెను, దేనిని త్రోసిపుచ్చవలెను అను విషయమును విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రాష్ట్రేతరులమైన మనకు ఈ విచారము వట్టి కాలక్షేపము కాదు. మనలో పెక్కుమందికి తెలుగు ఇంటి భాషయే కాని బడి భాష కాదు. ఇంటిలో పలుకు తెలుగైనను, తరతరములుగా ఇరుగుపొరుగు భాషల సాంగత్యమున ఒక విధముగా మారినది. గోదావరి తీరపు పలుకుబడి గాని, కళింగాంధ్రపు యాస గాని, తెలంగాణపు నుడికారము గాని మన పిల్లల చెవిని సోకుటకు గల మార్గములలో చలనచిత్రము ముఖ్యమైనది. అయితే ఆ పిల్లలు నేడు పాత చిత్రములను అడుగున నడచు ఆంగ్లాక్షరములను చదివికొనుచు చూచుచున్నారు. అందువలన కథ తెలియుచున్నది. నటనము తెలియుట లేదు. ఏలయన ఆ దశాబ్దపు తెలుగు నటనమునకు ప్రాణము మాటలో నున్నది. మాటను విననివానికి మిగులునది ఆ చిత్రముల లోపము మాత్రమే.

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. యూరపు, అమెరికా దేశముల చిత్రములనుండి గ్రహించిన కొలతలతో నటనమును తూచు విమర్శకులు ముఖమున పొడచూపు సూక్ష్మవికారములకు ఎక్కువ విలువ నిత్తురు. ఆ కొలత తప్పని అనరాదు. కాని అది యొక్కటియే కొలత కాదు. తెలుగు నటుడు పద్యనాటక రంగమునుండి వచ్చినవాడు. లేదా ఆ రంగమునుండి వచ్చినవారి యొద్ద నేర్చినవాడు. ఆ రంగమున కడపటి వరుసలో కూర్చున్న శ్రోతకు నటుని కనుబొమ కనబడదు, కంఠమే వినబడును. కావున రసమును కంఠమున నిలుపుట వారికి విధి యైనది. తెరమీద ముఖము ఎంత పెద్దదైనను ఆ అలవాటు పోలేదు. పోవలసిన అవసరము గూడ లేదు. ఆ కంఠము సందర్భమునకు తగియున్నదా లేదా అనునదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

ఆ దశాబ్దపు నిర్మాణ పరిస్థితులను గూడ కొంత తెలిసికొనవలెను. అప్పటికి తెలుగు చిత్రములకు ప్రధాన కేంద్రము మద్రాసు నగరమే. వాహినీ, ఎ.వి.ఎం., ప్రసాద్ మొదలగు స్టూడియోలలో తెలుగు, తమిళ చిత్రములు ప్రక్కప్రక్కనే తయారగుచుండెను. 1976లో హైదరాబాదున అన్నపూర్ణ స్టూడియో ఆరంభమైనను, పరిశ్రమ పూర్తిగా తరలిపోవుటకు ఇంకను కాలము పట్టినది. రంగుల చిత్రము సామాన్యమైనది. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’తో విశాలమైన స్కోపు తెర తెలుగువారికి పరిచితమైనది. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు, కెమెరా స్టూడియో గోడలు దాటి పొలములోనికి, ఏటిగట్టు మీదికి పోవుట. వెలుపల చిత్రించిన దృశ్యములకు మాటలను పిదప స్టూడియోలో జతపరచుట వాడుక యైనది. అనగా నటుడు ఒకే పాత్రను రెండుమారులు నటింపవలసివచ్చినది: మొదట ఎండలో ముఖముతో, తరువాత చీకటిగదిలో కంఠముతో. ఈ రెండును అతుకు తెలియకుండ కలిసినచోట గొప్ప నటనము పుట్టినది. కలియనిచోట మాట ముఖమునకు అంటించిన కాగితమువలె ఊడివచ్చినది.

రెండును చక్కగా కలిసినదానికి ‘ముత్యాల ముగ్గు’ (1975) మేలైన ఉదాహరణము. బాపు దర్శకత్వము, ముళ్ళపూడి వెంకటరమణ రచన, ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణము ఈ చిత్రమునకు మూడు స్తంభములు. ఛాయాగ్రహణమునకు జాతీయ పురస్కారము లభించినది. ఉత్తమ తెలుగు చిత్రముగా గూడ గౌరవము పొందినది. నింద మోపబడి భర్తకు దూరమైన ఇల్లాలి కథను ఉత్తర రామాయణపు నీడలో చెప్పినారు. ఇందు రావు గోపాలరావు ధరించిన కంట్రాక్టరు పాత్రను పరిశీలింపుడు. అంతకుముందు తెలుగు తెరమీద దుష్టుడు సాధారణముగా కన్నులెర్రజేయును, గర్జించును, వికటముగా నవ్వును. ఈ కంట్రాక్టరు కేకలు వేయడు. ఉదయభానుని ఎరుపును చూచి ముచ్చటపడి, దానిని హత్యతో పోల్చును. కళాపోషణమను పండితుల మాటను తన గోదావరి యాసలో నానబెట్టి, నోట చప్పరించి పలుకును. క్రూరకార్యమును గూర్చి మాటలాడునపుడు ఆ కంఠము ఇంకను మెత్తబడును. ఆ మెత్తదనమే ప్రేక్షకునకు వెన్నులో చలి పుట్టించును.

ఈ పాత్రయందలి నేర్పునకు మూలము యాసను హాస్యమునకు వాడకుండుటలో నున్నది. పల్లెటూరి పలుకును అమాయకునకో, విదూషకునకో అప్పగించుట అప్పటి చిత్రములలో పరిపాటి. ఇచ్చట ఆ పలుకు అధికారము గలవాని నోట, బుద్ధిమంతుని నోట, కవితాదృష్టి గల దుర్మార్గుని నోట వచ్చినది. వాక్యమున ఏ మాట యొద్ద ఆగవలెనో, ఏ అచ్చును సాగదీయవలెనో గోపాలరావునకు తెలియును. ఆ సంభాషణలు రికార్డులుగా వెలువడి, దృశ్యము లేకయే జనులు విని ఆనందించినారన్న విషయమే వాచికము యొక్క బలమునకు సాక్ష్యము. ఆంగ్లాక్షరములు ఈ పాత్రను ఒక సాధారణ మోసగానిగా మార్చివేయును. యాస పోయినపిదప మిగులునది కుట్ర మాత్రమే.

వాచికమునకు మరియొక శిఖరము ‘దాన వీర శూర కర్ణ’ (1977). నందమూరి తారక రామారావు స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించి, కర్ణ, దుర్యోధన, శ్రీకృష్ణ పాత్రలు మూడింటిని ధరించినారు. సంభాషణలు కొండవీటి వేంకటకవి రచించినవి. ఈ చిత్రమున లోపములు కలవు: నిడివి అతిగా నున్నది, రంగాలంకరణ కొన్నియెడల కృత్రిమముగా నున్నది, మూడు పాత్రలును ఒకే నటుడు ధరించుటచే పరస్పర దర్శనములందు నిర్బంధము కనబడును. ఇన్ని యున్నను, అస్త్రవిద్యా ప్రదర్శన సభలో జన్మమును బట్టి వీరుని తూచరాదని దుర్యోధనుడు చేయు వాదము తెలుగు తెరమీద వాక్కు పొందిన ఔన్నత్యమునకు గురుతు. దీర్ఘసమాసములతో కూడిన ఆ వాక్యములను నటుడు శ్వాస తెగకుండ నడపుచు, ప్రతి ప్రశ్నను మునుపటి ప్రశ్నకంటె ఒక మెట్టు పైన నిలుపును. అది గర్జన కాదు, తర్కము. మధ్యమున స్వరమును దించి, కడపట పెంచుటలో తిరుపతి వేంకటకవుల భారత నాటకములపై పెరిగిన రంగస్థల సంప్రదాయము వినబడును. దుర్యోధనుడు అభిమానధనుడను భావము ఇచ్చట కథవలన గాక కంఠమువలన సిద్ధించినది. ఈ దృశ్యమును ‘అతి’ యని నవ్వువారు రాజసభకును, నాలుగు గోడల గదికిని గల భేదమును మరచుచున్నారు.

అయినను ఆ భేదమును ఆ కాలపు నిర్మాతలే పలుమారులు మరచినారని ఒప్పుకొనక తప్పదు. సభలో శోభించు గంభీరవచనము వంటయింటిలోనికి వచ్చినపుడు వికృతమగును. డెబ్బదుల సాంఘిక చిత్రములలో పెక్కింటికి పట్టిన దోషమిదియే. అత్త కోడలిని మందలించుటకు, అన్న తమ్మునికి బుద్ధి చెప్పుటకు కురుక్షేత్రమునకు చాలునంత ధ్వని ఏల? కరుణరసమున నీ దోషము మరింత కనబడును. ఇందుకు ఊర్వశి శారద నటజీవితమే మంచి పాఠము. తెనాలికి చెందిన ఈ నటీమణి జాతీయ ఉత్తమనటి పురస్కారమును మూడుమారులు పొందినది. వానిలో మొదటి రెండును, ‘తులాభారం’ (1968), ‘స్వయంవరం’ (1972), మలయాళ చిత్రములకు లభించినవి. మూడవది మాత్రమే తెలుగు చిత్రమునకు, బి.ఎస్. నారాయణ దర్శకత్వమున వచ్చిన ‘నిమజ్జనం’నకు, 1978 సంవత్సరమునకు గాను లభించినది. అడూర్ గోపాలకృష్ణన్ ‘స్వయంవరం’లో ఆమె మౌనముతో, చూపుతో సాధించిన దానిని, అనేక తెలుగు చిత్రములు ఆమెనుండి కోరనే లేదు, కన్నీటినే కోరినవి. నటి ఒక్కతెయే, శక్తి ఒక్కటియే, అడిగినవారు వేరు. కావున ఒక నటనము మితిమీరినదని మనకు తోచినపుడు, ఆ దోషము నటునిదా, నటుని ఆ విధముగా వాడుకొన్నవారిదా అని విచారించుట విమర్శకుని ధర్మము.

వాచికము ఇంతటి ప్రధానాంగమైన దశాబ్దముననే, దానిని బుద్ధిపూర్వకముగా తొలగించి చూచిన దర్శకుడు గూడ ఉండుట విశేషము. కె. విశ్వనాథ్ ‘సిరిసిరిమువ్వ’ (1976)లో నాయికను మూగపిల్లగా చేసినారు. జయప్రద ధరించిన ఆ పాత్రకు పలుకు లేదు. పాదములు కలవు, కన్నులు కలవు. మాటలాడు భారమంతయు చంద్రమోహన్ ధరించిన డప్పు కళాకారుడు సాంబయ్యపై పడినది. అతడు తనకొరకును, ఆమెకొరకును మాటలాడును. అతని వాగుడును, ఆమె మౌనమును ఒకదానికొకటి తాళము వేసికొన్నట్లు నడచును. ఆమె బదులుగా తాను చెప్పిన మాట ఆమె చెప్పదలచినదేనా అని అతడు ఆమె ముఖమును చూచు క్షణములే ఈ చిత్రమునందలి నిజమైన సంభాషణలు. ఈ కథనే విశ్వనాథ్ హిందీలో ‘సర్గమ్’ (1979)గా తీసినపుడు, ఆ పాత్రను మరల జయప్రదయే ధరింపగలిగినది. వాచికము లేని పాత్రకు భాషల ఎల్లలు అడ్డురావు గదా.

అదే దర్శకుని ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరిలో విడుదలయై ఆ దశాబ్దమునకు భరతవాక్యమువలె నిలిచినది. ఇందు జె.వి. సోమయాజులు శంకరశాస్త్రి పాత్ర ధరించినారు. అతడు వృత్తిచే రెవెన్యూ ఉద్యోగి. ప్రవృత్తిచే రంగస్థల నటుడు. ‘కన్యాశుల్కము’ ప్రదర్శనలలో రామప్పంతులుగా పేరు గన్నవాడు. రామప్పంతులంతటి వాచాలుని ఏండ్లతరబడి ధరించిన నటుడు, తెరమీద మితభాషియైన పండితుడుగా కనబడుట గమనింపదగినది. ఆ పొదుపు మాటలు రానివాని పొదుపు కాదు. మాట విలువ ఎరిగినవాని పొదుపు. మంజుభార్గవి ధరించిన తులసి పాత్రకైతే మాటలు మిక్కిలి తక్కువ. ఆమె వంచిన శిరస్సు, ఆగిన అడుగు ఒక జీవితకాలపు అవమానమును, భక్తిని చెప్పును. తెలుగువారు అతిగా మాటలాడుదురను అపవాదు గల దశాబ్దము మౌనమును ఇంత గౌరవించినదని అపవాదు వేయువారు గుర్తింపవలెను.

ఇక రెండు భాషల నడుమ నిలిచిన నటనమును చూతము. ఇది మనకు మిక్కిలి దగ్గరి విషయము. కె. బాలచందర్ ‘మరోచరిత్ర’ (1978) విశాఖపట్టణమున ఇరుగుపొరుగుననున్న తమిళ యువకునికి, తెలుగు కన్యకు నడుమ జరిగిన కథ. రంగులు సామాన్యమైపోయిన రోజులలో దీనిని నలుపు తెలుపులలో తీసినారు. కమల్ హాసన్ ధరించిన బాలు తెలుగు తడుముకొనును. సరిత ధరించిన స్వప్న తమిళము తడుముకొనును. మాట తప్పిపోయినచోట నవ్వు పుట్టును. మాట దొరకినచోట ప్రేమ పుట్టును. పెద్దలు ఒక ఏడాది ఎడబాటును విధించినపుడు, ఆ భాషాభేదము హాస్యమునుండి విషాదమునకు తిరుగును. ప్రియుని ఛాయాచిత్రమును కాల్చివేయగా, ఆ బూడిదను పానీయమున కలిపి త్రాగు దృశ్యమున సరితకు మాటతో పనిలేదు. ఆమెకిది మొదటి చిత్రమన్నచో నమ్ముట కష్టము. తరువాతి కాలమున ఈమెయే అనేక నాయికలకు తన కంఠమును అరువిచ్చినది. మాట లేక మెప్పించి తెరకెక్కిన నటి, పరుల ముఖములకు మాటయై నిలుచుట మన చిత్రచరిత్రలో ఒక విచిత్రము.

ఈ చిత్రము అనువాదము కాక తెలుగులోనే మద్రాసు, బెంగుళూరు నగరములలో ఏడాదికి పైబడి ప్రదర్శింపబడినది. తమిళులును, కన్నడిగులును దానిని తమదిగా చేసికొన్నారు. ఇందుకు కారణము కథలోని ప్రేమ యొక్కటియే కాదని నా అభిప్రాయము. రెండు భాషల ఇరుగుపొరుగున బ్రతుకువానికి నిత్యానుభవమైన తడబాటు అందు ఉన్నది. అంగడిలో ఒక భాష, ఇంటిలో ఒక భాష పలుకు మనవంటి వారి జీవితము తెరమీద ఇంత సహజముగా అంతకుముందు కనబడలేదు. ఆ నటనమును మెచ్చుటకు రాష్ట్రమున నివసించు తెలుగువానికంటె మనకే ఎక్కువ యోగ్యత కలదని చెప్పినచో అతిశయోక్తి కాజాలదు.

ఇతర భాషలవారు తెలుగున ప్రవేశించి చేసిన యత్నములు గూడ కలవు. మృణాల్ సేన్ అను బెంగాలీ దర్శకుడు ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను ‘ఒక ఊరి కథ’ (1977)గా తెలుగున తీసెను. పనిచేసిన ఫలము దొరకే పాలగును గనుక పనియే చేయనని మొండికెత్తిన తండ్రిగా, ‘చోమన దుడి’ (1975)తో జాతీయ ఉత్తమ నటుడైన కన్నడ నటుడు ఎం.వి. వాసుదేవరావు నటించెను. కోడలుగా మమతా శంకర్ నటించినది. శ్యామ్ బెనెగల్ మరాఠీ రచయిత ఖానోల్కర్ నవల ఆధారముగా ‘అనుగ్రహం’ (1978) తీసినపుడు వాణిశ్రీ, రావు గోపాలరావు, అనంతనాగ్, స్మితా పాటిల్ ఒకేచోట నటించిరి. ఈ చిత్రములందు ఆంగికము, సాత్త్వికము ఎంతయో బలముగా నున్నవి. వాసుదేవరావు కూర్చుండు తీరులోనే ఒక తత్త్వము కలదు. కాని ‘ముత్యాల ముగ్గు’ను విన్న చెవికి ఇందలి మాట కొంత పలుచగా తోచును. నుడికారము పాత్రల మట్టినుండి మొలచినట్లుండదు. విమర్శకులు వీనిని మెచ్చి, వాచికప్రధానములైన చిత్రములను తక్కువ చేయుట ఒంటికంటి చూపు.

తెలుగువారు ఇతర భాషల చిత్రములకు చేసిన సేవను గూడ ఈ దశాబ్దముననే కలిపి చూడవలెను. నెల్లూరు సీమకు చెందిన కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ కర్త పఠాభి, అనగా తిక్కవరపు పట్టాభిరామరెడ్డి, అనంతమూర్తి నవలను ‘సంస్కార’ (1970) అను కన్నడ చిత్రముగా తీసి, జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్ర పురస్కారమును గడించెను. అందు చంద్రి పాత్ర ధరించిన ఆయన భార్య స్నేహలతారెడ్డి అత్యవసర పరిస్థితి కాలమున బెంగుళూరు చెరలో మగ్గి, విడుదలైన స్వల్పకాలమునకే 1977 జనవరిలో మరణించినది. కర్ణాటకమందలి తెలుగువారు ఈ దంపతులను తమ చరిత్రలో భాగముగా స్మరించుట ఉచితము.

ఇంతవరకు చెప్పినదానిపై ఒక ఆక్షేపణ రాగలదు. ఏ దశాబ్దముననైనను పది మంచి చిత్రములను ఏరి చూపవచ్చును గదా, మిగిలిన వందలాది చిత్రముల మాట యేమి అని అడుగవచ్చును. ఆ ప్రశ్న సరియైనదే. మూసకథలు, అకారణ నృత్యములు, స్త్రీని సహనమూర్తిగానో ఆటబొమ్మగానో చూపు పాత్రలు ఆ కాలమున కొల్లలు. వానిని సమర్థించుట నా ఉద్దేశము కాదు. అయితే సామాన్య చిత్రమునందు గూడ ఒక ప్రక్కపాత్రధారి పలుకు ఒక్క వాక్యములో ఒక జిల్లా, ఒక వృత్తి, ఒక వయస్సు కనబడుట ఆ దశాబ్దమున తరచు. అల్లు రామలింగయ్య నోట పిసినారితనము, సూర్యకాంతము నోట అధికారము, రాజబాబు నోట దైన్యము కలిసిన హాస్యము ఎట్లు పలికినవో విన్నవారు ఎరుగుదురు. వాచిక సంపద నాయకుల సొత్తు మాత్రమే కాదు. అది అప్పటి నటవర్గమంతటి ఉమ్మడి ఆస్తి.

ఈ అభిరుచిని అలవరచుకొనుట ఎట్లు? నాకు తోచిన పద్ధతి యొకటి చెప్పెదను. ఒక మంచి దృశ్యమును తీసికొని మూడుమారులు చూడవలెను. మొదటిమారు అడుగున అక్షరములున్నను సరియే, కథకొరకు చూడవలెను. రెండవమారు కన్నులు మూసికొని వినవలెను. నటుడు ఎచ్చట ఆగెను, ఏ మాటను నొక్కెను, ఏ మాటను మ్రింగెను అని గమనింపవలెను. మూడవమారు ధ్వనిని ఆపి, ముఖమును దేహమును మాత్రము చూడవలెను. రావు గోపాలరావు పాత్ర రెండవ పరీక్షలోను, తులసి పాత్ర మూడవ పరీక్షలోను మెరయును; సాంబయ్య, సరిత ధరించిన స్వప్న రెండింటను నిలుతురు. రెండు పరీక్షలలోను తేలిపోవు నటనమును అది ఎంతటి ప్రసిద్ధునిదైనను మెచ్చనక్కరలేదు. ఈ పద్ధతివలన ‘అతి’ యను మాటకు గూడ ఒక నిర్ణయమైన అర్థమేర్పడును: కంఠము ముఖమును మించినచోట, లేక ముఖము సందర్భమును మించినచోట అది ‘అతి’, బిగ్గరగా నున్నంతమాత్రమున కాదు.

మన సంఘములు ఈ విషయమున చేయదగిన పని కలదు. ఏటేట చిత్రప్రదర్శనములు జరుపునపుడు, గోదావరి పలుకో, కళింగ పలుకో ఎరిగిన పెద్దవారిని ఒకరిని పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక్కొక్క దృశ్యమును ఆపి, పలుకుబడిని వివరింపజేయవలెను. మద్రాసు స్టూడియోలలో పనిచేసి ఆ నగరముననే స్థిరపడిన తెలుగు కళాకారులు, సాంకేతికులు ఇంకను మన నడుమ నున్నారు. వారి అనుభవములను వారి నోటనే రికార్డు చేసి భద్రపరచుట మరియొక పని. చిత్రములను భద్రపరచుటకు 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది. కాని ఫిల్ము మాత్రము నిలిచి, దానిని వినగల చెవి నశించినచో ఆ భద్రతవలన ఫలమేమి? ఆ చెవిని పెంచి రాబోవు తరమునకు అందించుట ఏ భాండాగారమును చేయజాలని పని. అది ఇండ్లలోను, మనవంటి సంఘములలోను మాత్రమే జరుగవలసిన పని.